ఫాల్టు ఎవరి ఖాతాలోకి? హైపర్‌వైజర్లలో మెమరీ నిర్వహణ చరిత్ర

1964 చివర్లో, అమెరికాలోని మసాచుసెట్స్ రాష్ట్రంలో ఉన్న ఐబీఎం కేంబ్రిడ్జ్ సైంటిఫిక్ సెంటర్‌లో రాబర్ట్ క్రీసీ నాయకత్వాన ఒక చిన్న బృందం పని మొదలుపెట్టింది. వాళ్లు కోరుకున్న యంత్రం సిస్టమ్/360 మోడల్ 50. అప్పట్లో మిగులుగా ఉన్న మోడల్ 50లన్నీ విమానాల రాకపోకలను నియంత్రించే పని కోసం అమెరికా పౌర విమానయాన సంస్థకు తరలిపోతున్నాయి. చేసేదిలేక బృందం మోడల్ 40తో సరిపెట్టుకుంది. దాని మెమరీ మొత్తం 256 కిలోబైట్లు. ఆ యంత్రానికి ప్రత్యేకంగా ఒక పెట్టె తయారుచేయించి తగిలించారు. మెమరీని 4 కిలోబైట్ల పేజీలుగా కోస్తే 64 ముక్కలు వస్తాయి. అందుకు సరిగ్గా ఆ పెట్టెలో 64 గళ్లు. ఫలానా గడిలో ఇప్పుడు ఎవరి పేజీ, ఎన్నో పేజీ ఉందో అందులో రాసి ఉంటుంది. ప్రోగ్రాం ఏ చిరునామా అడిగినా పెట్టె 64 గళ్లనూ ఒక్కసారే చూస్తుంది. ఎక్కడా దొరక్కపోతే ప్రోగ్రాం అక్కడే ఆగుతుంది, నియంత్రణ పర్యవేక్షక ప్రోగ్రాం చేతికి వెళుతుంది.

ఆ ఆగడాన్నే పేజీ ఫాల్టు అంటాం. పేరు వింటే ఏదో చెడిపోయినట్టు అనిపిస్తుంది గానీ నిజానికి చెడిపోయినదేమీ లేదు. అడిగిన పేజీ మెమరీలో లేదు, తెచ్చిపెట్టాలి, అంతే. ఒక్క యంత్రాన్ని అనేక యంత్రాలుగా చూపే ప్రోగ్రాంలను హైపర్‌వైజర్లు అంటారు. వాటి చరిత్రను సాధారణంగా ప్రాసెసర్ ఆదేశాల చుట్టూ చెబుతారు: ఏ ఆదేశాన్ని పట్టుకోవచ్చు, దేన్ని పట్టుకోలేం అని. నా దృష్టిలో అది సగం కథే. మిగతా సగం ఈ ఫాల్టుది. ఒకే యంత్రం మీద రెండు ఆపరేటింగ్ సిస్టంలు, ఒకదాని మీద ఒకటి కూర్చున్నప్పుడు, ఫాల్టు వస్తే జవాబు చెప్పాల్సింది ఎవరు? పైనున్న గెస్టా, కింద ఉన్న హోస్టా? ఒకరికి జరిగింది రెండోవారికి తెలియాలా, వద్దా? అరవై ఏళ్లుగా ఈ రెండు ప్రశ్నలకు రకరకాల జవాబులు చెబుతూనే వచ్చారు. వాటిలో కొన్ని రెండుసార్లు చెప్పవలసి వచ్చింది.

పేజీ అనే ఆలోచన కేంబ్రిడ్జ్‌లో పుట్టింది కాదు. ఇంగ్లండులోని మాంచెస్టర్ విశ్వవిద్యాలయంలో టామ్ కిల్‌బర్న్ బృందం కట్టిన అట్లాస్ యంత్రం 1962 డిసెంబరు 7న లాంఛనంగా ప్రారంభమైంది. అందులో వేగంగా పనిచేసే కోర్ మెమరీ 16 వేల పదాలు, నిదానంగా పనిచేసే అయస్కాంత డ్రమ్ము 96 వేల పదాలు. ఈ రెండూ కలిసి ప్రోగ్రామర్‌కు ఒకే పెద్ద మెమరీలా కనిపించాలన్నది వాళ్ల ఉద్దేశం. 512 పదాలకు ఒక పేజీ, కోర్‌లోని 32 పేజీలకు 32 రిజిస్టర్లు. పేజీ లేకపోతే పర్యవేక్షక ప్రోగ్రాం లేచి డ్రమ్ము మీద నుంచి తెస్తుంది. బయటికి పంపాల్సిన పేజీని ఎంచుకోవడానికి గత వాడకాన్ని గమనించే ఒక చిన్న ప్రోగ్రాం కూడా రాసుకున్నారు. అట్లాస్‌లో ఫాల్టుకు యజమాని ఒక్కరే కాబట్టి వివాదం లేదు.

కేంబ్రిడ్జ్‌లో 1967 జనవరి నాటికి రోజువారీ వాడకంలోకి వచ్చిన సీపీ-40 అనే వ్యవస్థ ఒక్క యంత్రాన్ని 14 యంత్రాలుగా చూపగలిగింది. ఒక్కో నకిలీ యంత్రానికి 256 కిలోబైట్ల మెమరీ ఉన్నట్టు కనిపిస్తుంది, అంటే అసలు యంత్రానికి ఎంత ఉందో అంత. ఈ మాయ నిలబడింది పేజీ ఫాల్టు వల్లే. అయినా ఇక్కడ కూడా ఇంకా చిక్కు రాలేదు. ఆ నకిలీ యంత్రాలకు పేజీల సదుపాయం లేదు, వాటి మీద నడిచే వ్యవస్థలకు పేజీ అంటే ఏమిటో తెలియదు. వచ్చిన ప్రతి ఫాల్టూ కింద ఉన్న పర్యవేక్షక ప్రోగ్రాం సీపీదే. పైవాడికి కబురు కూడా అందదు, కాస్త ఆలస్యమైందంతే.

చిక్కు 360 మోడల్ 67తో వచ్చింది. ఆ యంత్రానికి పేజీల సదుపాయం పుట్టుకతోనే ఉంది. దాని కోసం రాసిన సీపీ-67ను, సీపీ-67 లోపలే నడిపి చూడాలని కేంబ్రిడ్జ్ వాళ్లు అనుకున్నారు. సరదాకి కాదు. కొత్త కూర్పును పరీక్షించాలంటే మొత్తం యంత్రాన్ని అందరి నుంచీ లాక్కోవాల్సి వచ్చేది, నకిలీ యంత్రంలో పరీక్షిస్తే ఆ బాధ ఉండదు. తర్వాత సిస్టమ్/370కి పేజీల సదుపాయం తయారవుతున్న రోజుల్లో, అసలు యంత్రం చేతికి రాకముందే దాని నకిలీని సీపీ-67 మీద నిలబెట్టి, దాని మీద కొత్త వ్యవస్థను నడిపారు. అంటే అంతస్తు మీద అంతస్తు. లోపలి వ్యవస్థ తన సొంత పేజీ టేబుల్ రాసుకుంటుంది. తన 10వ పేజీ మెమరీలో 3వ గడిలో ఉందని అది నమ్ముతుంది. ఆ 3వ గడి అసలు మెమరీలో ఏ మూల ఉందో, అసలు ఉందో లేదో, సీపీకి మాత్రమే తెలుసు. ప్రాసెసర్ మాత్రం ఒక్క టేబులే చదవగలదు.

దీనికి వాళ్లు కనిపెట్టిన మార్గం షాడో పేజీ టేబుల్. గెస్టు రాసుకున్న టేబులునూ సీపీ సొంత టేబులునూ కలిపి మూడో టేబుల్ తయారుచేసి ప్రాసెసర్‌కు దాన్ని చూపిస్తారు. మన దగ్గర రైతు చేతిలో పాస్‌బుక్కు ఉంటుంది, మండల ఆఫీసులో రికార్డు ఉంటుంది. భూమి ఎవరిదో తేలేది ఆఫీసు రికార్డులోనే అయినా రైతు తన పాస్‌బుక్కునే నమ్ముకుంటాడు. షాడో టేబుల్ ఉన్నచోట గెస్టు రాసేది పాస్‌బుక్కు, ప్రాసెసర్ చదివేది ఆఫీసు రికార్డు. రెంటికీ తేడా రాకుండా చూసే భారం హైపర్‌వైజర్‌ది.

ఆ భారం ఎంతటిదో తెలియాలంటే ఒక్క ఫాల్టును దగ్గరగా చూడాలి. ఇందుకు మనకు ఎక్కువ పరిచయమున్న ఇంటెల్ ప్రాసెసర్‌నే తీసుకుందాం. 1985లో వచ్చిన 386 నుంచి దానిలో పేజీ ఫాల్టుకు 14వ నంబరు. ఏ చిరునామా దగ్గర ఆగిందో సీఆర్2 అనే రిజిస్టర్‌లో పడుతుంది. షాడో టేబుల్ వాడే హైపర్‌వైజర్ మీద ఒక గెస్టు నడుస్తోంది. దాని ప్రోగ్రాం ఒక చిరునామాను తాకింది, షాడోలో ఏమీ లేదు, 14 మోగింది. హైపర్‌వైజర్ ముందుగా గెస్టు టేబుల్ తెరిచి, ప్రాసెసర్ చేయాల్సిన లెక్కను తానే మెట్టు మెట్టుగా చేస్తుంది. గెస్టు టేబుల్లోనే ఆ పేజీ లేదని తేలితే ఇది నిజంగా గెస్టు ఫాల్టే. అసలు యంత్రమే మోగించినట్టు 14ను గెస్టులోకి పంపి తాను తప్పుకుంటుంది. గెస్టు టేబుల్లో పేజీ ఉండి షాడోలో మాత్రం లేకపోతే, ఈ ఫాల్టు గెస్టుకు ఎన్నడూ తెలియకూడదు. షాడోలో ఆ వరస నింపి, ఆగిన ఆదేశాన్ని మళ్లీ నడిపిస్తుంది. ఆ పేజీని హైపర్‌వైజర్ తానే డిస్కుకు పంపి ఉంటే మొదట దాన్ని తెచ్చుకోవాలి. తాకిన చిరునామా మెమరీది కాక నెట్‌వర్క్ కార్డులాంటి పరికరానిదైతే ఆ పరికరంలా నటించాలి.

ఇంతటితో అయిపోలేదు. పేజీలోకి ఏదైనా రాసినప్పుడు అసలు ప్రాసెసరైతే టేబుల్లో ‘రాశారు’ అని ఒక బిట్టు పెడుతుంది. దాన్ని చూసే గెస్టు ఏ పేజీని డిస్కుకు దించాలో నిర్ణయించుకుంటుంది. షాడో వాడుతున్నప్పుడు ప్రాసెసర్ ఆ గుర్తును షాడోలో పెడుతుంది, గెస్టు టేబుల్లో కాదు. అందుకని హైపర్‌వైజర్ ఆ పేజీని ముందు చదవడానికి మాత్రమే తెరిచి ఉంచుతుంది. మొదటిసారి రాయబోతే ఫాల్టు వస్తుంది, అప్పుడు గెస్టు టేబుల్లో ఆ బిట్టును తన చేత్తో పెట్టి, రాయడానికి దారి ఇస్తుంది. గెస్టు తన టేబులునే మార్చుకునేటప్పుడు కూడా కనిపెట్టాలి కాబట్టి గెస్టు టేబుళ్లున్న పేజీలకూ రాత కాపలా పెడుతుంది. సొంత యంత్రం మీదైతే చప్పుడు లేకుండా జరిగిపోయే పనులన్నీ ఇలా ఫాల్టులుగా మారాయి.

ఐబీఎం 1972 ఆగస్టు 2న వీఎం/370ని ప్రకటించింది. త్వరలోనే దాని వాడుకదారులకు మరో సమస్య ఎదురైంది, ఇది వేగానికి సంబంధించింది కాదు, తెలివికి సంబంధించింది. గెస్టు కూడా పేజీలు తిప్పుతుంది, కింద హోస్టు కూడా తిప్పుతుంది. ఇద్దరూ ఒకే సూత్రం పాటిస్తారు: చాలాకాలంగా వాడని పేజీని బయటికి పంపు. గెస్టుకు చోటు కావలసి, తన దగ్గర బాగా పాతబడిన పేజీని ఎంచుకుంది. కానీ అదే పేజీ పాతబడిందని హోస్టు ఎప్పుడో డిస్కుకు దించేసింది. ఇప్పుడు గెస్టు దాన్ని తన డిస్కుకు రాయడానికి తాకింది. ఫాల్టు. హోస్టు దాన్ని డిస్కు నుంచి మెమరీలోకి మోసుకొచ్చింది. ఎందుకు? గెస్టు దాన్ని మళ్లీ డిస్కుకు రాయడానికి. రాబర్ట్ గోల్డ్‌బర్గ్, రాబర్ట్ హసింగర్ 1974లో ఈ జంట పేజింగ్ వైపరీత్యంపై పత్రం రాశారు. అసలు మెమరీ పెంచకుండా గెస్టుకు కనిపించే మెమరీని మాత్రం పెంచితే ఫాల్టులు తగ్గకపోగా పెరగవచ్చని అందులో చూపారు. యంత్రం పెద్దదిగా కనబడితే పని వేగంగా జరుగుతుందని అనుకున్నవాళ్లకు ఇది ఎదురుదెబ్బే.

గోల్డ్‌బర్గ్ పేరు చెబితే జెరాల్డ్ పోపెక్‌తో కలిసి అదే ఏడాది రాసిన సిద్ధాంత పత్రమే అందరికీ గుర్తొస్తుంది. ఏ ప్రాసెసర్ మీద వర్చువల్ మెషీన్లు, అంటే నకిలీ యంత్రాలు, కట్టవచ్చో చెప్పే నియమాలు అందులో ఉన్నాయి. హార్వర్డ్‌లో గోల్డ్‌బర్గ్ చేసిన పరిశోధనను అంతగా తలుచుకోరు. గెస్టు తన లోపల చేసుకునే అనువాదం ఒకటి, గెస్టు యంత్రం నుంచి అసలు యంత్రానికి చేసే అనువాదం మరొకటి అని రెంటినీ విడదీసి, రెంటినీ హార్డ్‌వేరే వరసగా కలిపి చేసి, ఏ అంచెలో ఫాల్టు వచ్చిందో దాన్నిబట్టి ఎవరికి కబురు వెళ్లాలో తేల్చాలని ఆయన ప్రతిపాదించాడు. 1981లో ఐబీఎం ప్రకటించిన 370-ఎక్స్ఏ నిర్మాణంలోని ‘సై’ అనే ఆదేశం గెస్టును నేరుగా ప్రాసెసర్ మీద నడిపి, రెండంచెల అనువాదాన్ని హార్డ్‌వేర్‌కే అప్పగించింది. మెయిన్‌ఫ్రేమ్ ప్రపంచంలో షాడో టేబుళ్ల అవసరం అప్పటి నుంచే తగ్గుతూ వచ్చింది.

జంట పేజింగ్‌కు ఐబీఎం చేసిన మందు హార్డ్‌వేర్ కాదు, ఒక ఒప్పందం. వీఎం/370 కింద నడిచే ఓఎస్/వీఎస్1 అనే ఆపరేటింగ్ సిస్టంతో కరచాలనం లాంటి ఏర్పాటు చేశారు. తాను నకిలీ యంత్రంలో ఉన్నానని గెస్టుకు తెలుసు. తెలిసి తన సొంత పేజింగ్ మానుకుని, ఆ భారాన్ని కింద ఉన్నవాడికి వదిలేస్తుంది. బదులుగా హోస్టు, పేజీ తేవడానికి డిస్కు దగ్గర కాచుకోవాల్సి వచ్చినప్పుడు, గెస్టును మొత్తంగా ఆపేయదు. ఒక సూడో పేజీ ఫాల్టును పంపి “ఈ పనికి కావలసిన పేజీ ఇంకా రాలేదు, ఈలోగా వేరే పని చూసుకో” అని చెబుతుంది. పేజీ వచ్చాక మళ్లీ కబురు పెడుతుంది. దాపరికంలో కొంత వదులుకుని పని గెలుచుకోవడమన్నమాట. ఈ చరిత్ర మొత్తంలో నాకు అన్నిటికన్నా నచ్చిన ఆలోచన ఇదే.

తర్వాత దాదాపు ఇరవై ఏళ్లు ఈ విద్య మెయిన్‌ఫ్రేమ్ గదుల్లోనే ఉండిపోయింది. 1997లో స్టాన్‌ఫర్డ్‌లో ఎడ్వార్డ్ బున్యోన్, స్కాట్ డివైన్, మెండెల్ రోజెన్‌బ్లమ్ డిస్కో అనే హైపర్‌వైజర్‌ను ప్రచురించారు. మరుసటి ఏడాది వాళ్లూ డయాన్ గ్రీన్, ఎడ్వర్డ్ వాంగ్ కలిసి వీఎంవేర్ సంస్థ పెట్టారు. 1999లో మార్కెట్‌కు వచ్చిన వాళ్ల వర్క్‌స్టేషన్ ఏ హార్డ్‌వేర్ సాయమూ లేని మామూలు పీసీ మీద, పాత కేంబ్రిడ్జ్ పద్ధతి షాడో టేబుళ్లతోనే నడిచింది. 2003లో ఇంగ్లండులోని కేంబ్రిడ్జ్ విశ్వవిద్యాలయం నుంచి వచ్చిన జెన్ వేరే దారి పట్టింది. గెస్టు కెర్నెల్‌నే మార్చి, పేజీ టేబుల్ మార్చాలంటే హైపర్‌వైజర్‌ను అడిగే చేయాలని షరతు పెట్టింది. షాడో అవసరం పోయింది గానీ విండోస్ లాంటి మార్చలేని వ్యవస్థలకు ఆ దారి మూసుకుపోయింది.

జంట పేజింగ్ కూడా తిరిగొచ్చింది. 2002లో వీఎంవేర్‌కు చెందిన కార్ల్ వాల్డ్‌స్పర్గర్ ప్రచురించిన పత్రంలో దానికి రెండు విరుగుళ్లు ఉన్నాయి. ఒకటి బెలూన్. గెస్టు లోపల ఒక డ్రైవర్ మెమరీ కావాలని అడిగి పట్టుకుని కూర్చుంటుంది, గెస్టు తనకు అక్కరలేని పేజీలను తానే తేల్చి వదులుకుంటుంది, ఆ వదిలిన చోటు హోస్టుకు దక్కుతుంది. రెండోది ఇంకా గమ్మత్తైనది. బెలూన్‌తో పని జరగక తప్పనిసరిగా హోస్టే పేజీలు దించాల్సి వస్తే, పాతవాటిని ఏరకుండా యాదృచ్ఛికంగా ఎంచుకోవాలన్నారు. ఇద్దరూ ఒకేలా ఆలోచించడమే 1974 నాటి జబ్బు కాబట్టి, ఇక్కడ హోస్టు ఆలోచించడమే మానేసింది.

2005 చివర్లో ఇంటెల్, 2006లో ఏఎండీ తమ ప్రాసెసర్లలో వర్చువలైజేషన్ సదుపాయం ఇచ్చాయి. పట్టుకోలేని ఆదేశాల బాధ తీరింది. మెమరీ బాధ తీరలేదు, ఎందుకంటే తొలి తరంలో రెండంచెల అనువాదం లేదు. ఫలితం వీఎంవేర్ ఇంజినీర్లు కీత్ ఆడమ్స్, ఓలె ఏజసన్ 2006లో ప్రచురించిన కొలతల్లో కనిపిస్తుంది. ఒకదాని తర్వాత ఒకటిగా 40,000 ప్రాసెస్‌లను పుట్టించి ముగించే పరీక్ష అది. ప్రాసెస్ పుట్టినప్పుడల్లా కొత్త పేజీ టేబుళ్లు, వాటితో పాటు ఫాల్టులు. సొంత యంత్రం మీద 6.0 సెకన్లు పట్టింది. పాత సాఫ్ట్‌వేర్ పద్ధతిలో 36.9 సెకన్లు. కొత్త హార్డ్‌వేర్ సాయంతో 106.4 సెకన్లు. ప్రతి ఫాల్టుకూ గెస్టు నుంచి హైపర్‌వైజర్‌కు దూకి తిరిగి రావడానికయ్యే ఖర్చే అంత చేసింది. సాయమని ఇచ్చినది దాదాపు మూడింతలు నెమ్మది చేసిందంటే, సమస్య ఎక్కడుందో ఇచ్చినవాళ్లు సరిగా చూడలేదనే అనుకోవాలి.

2007లో ఏఎండీ, 2008 చివర్లో ఇంటెల్ ఆ లోటు పూడ్చాయి. గెస్టు టేబుల్ ఒకటి, హోస్టు టేబుల్ ఒకటి, రెంటినీ ప్రాసెసరే చదువుతుంది. గెస్టు ఫాల్టు నేరుగా గెస్టుకు వెళుతుంది, హోస్టుకు తెలియనే తెలియదు. కింది అంచెలో వచ్చింది మాత్రమే హోస్టును లేపుతుంది. గోల్డ్‌బర్గ్ కోరిన విభజన పీసీకి దక్కడానికి 35 ఏళ్లు పట్టింది. దానికి చెల్లించిన ధర కూడా ఉంది. నాలుగు మెట్ల టేబుల్ ఉన్న గెస్టులో ఒక్క చిరునామా తేలాలంటే, ఆ మెట్లలో ప్రతి ఒక్కటీ, చివర తేలిన చిరునామా కూడా, మళ్లీ కింది టేబుల్ నాలుగు మెట్లూ దిగి రావాలి. లెక్కేస్తే 24 సార్లు మెమరీ తాకాల్సి రావచ్చు. సొంత యంత్రం మీదైతే నాలుగే. పెద్ద పేజీలు, అనువాదాలను దాచుకునే క్యాష్‌లు ఉండబట్టి అది మామూలుగా బయటపడదు.

పాత కరచాలనం 2011లో లినక్స్‌లోకి వచ్చింది. 2006లో ఏవీ కివిటి మొదలుపెట్టిన కేవీఎం అనే హైపర్‌వైజర్‌కు ఆ ఏడాది గ్లెబ్ నటపోవ్ అసింక్రొనస్ పేజీ ఫాల్టును చేర్చాడు. హోస్టు ఒక గుర్తుతో సహా గెస్టుకు ‘పేజీ లేదు’ అని చెబుతుంది, గెస్టు ఆ ప్రాసెస్‌ను పక్కన పడుకోబెట్టి మరొకదాన్ని నడుపుతుంది, పేజీ రాగానే అదే గుర్తుతో ‘వచ్చింది’ అన్న కబురు అందుతుంది. వీఎస్1లో ఉన్నదే ఇది. విచిత్రమేమంటే ఐబీఎం మెయిన్‌ఫ్రేమ్‌ల మీద నడిచే లినక్స్‌లో ఈ సదుపాయం అంతకుముందే ఉంది, అదే కెర్నెల్‌లో, ఇంకో ఫోల్డర్లో. కేవీఎం కూర్పులో ఒక లోపం కూడా దొర్లింది. రెండు కబుర్లూ పాత 14వ నంబరు మీదే వచ్చేవి. అంటే గెస్టు తన సొంత ఫాల్టుకూ హోస్టు పంపిన కబురుకూ మధ్య తేడాను ప్రతిసారీ పోల్చుకోవాలి. దీని మీద చాలా గొడవ జరిగాక, 2020లో ‘వచ్చింది’ అన్న కబురును విడిగా ఒక ఇంటరప్ట్‌కు మార్చారు.

2018 ఆగస్టు 14న బయటపడిన ఎల్1 టెర్మినల్ ఫాల్ట్ అనే భద్రతా లోపం ఈ పంపకాలన్నిటినీ తలకిందులు చేసింది. టేబుల్లో ‘పేజీ లేదు’ అని ఉంటే ఫాల్టు రావాలి, వస్తుంది కూడా. అయితే ఆ ఫాల్టు ఖరారయ్యేలోపు ఇంటెల్ ప్రాసెసర్ ఊహ మీద ముందుకెళ్లి, ఆ వరసలో ఉన్న చిరునామాను అసలు మెమరీ చిరునామాగా తీసుకునేది. కింది అంచె అనువాదాన్ని దాటేసేది. ఆ చిరునామాలోని డేటా ప్రాసెసర్‌కు అతి దగ్గరగా ఉండే ఎల్1 క్యాష్‌లో ఉంటే దాని జాడ బయటపడేది. గెస్టు టేబుల్లో రాసేది గెస్టే. కావాలని లేని పేజీని రాసుకుని, ఫాల్టు తెచ్చుకుని, హోస్టు రహస్యాన్నో పక్క గెస్టు రహస్యాన్నో చదవగలిగే వీలు అలా చిక్కింది. గెస్టులోకి వెళ్లే ముందు హైపర్‌వైజర్ ఎల్1ను ఖాళీ చేయాల్సి వచ్చింది. ఒకే కోర్‌ను పరస్పరం నమ్మని రెండు గెస్టులు పంచుకోకుండా చూసే కోర్ షెడ్యూలింగ్ 2021లో లినక్స్‌లో చేరింది.

అదే ఏడాది మార్కెట్లోకి వచ్చిన ఏఎండీ మూడో తరం ఎపిక్ ప్రాసెసర్లలో ఎస్ఈవీ-ఎస్ఎన్‌పీ అనే ఏర్పాటు ఉంది. అందులో అనుమానం దిశ మారింది. ఏ పేజీ ఎవరిదో ప్రాసెసర్ విడిగా ఒక పట్టికలో రాసి ఉంచుతుంది. గెస్టు తనకు అందిన ప్రతి పేజీనీ వాడకముందు తానే ధ్రువీకరించాలి. హోస్టు ఆ తర్వాత గుట్టుగా పేజీని మార్చి వేరేది పెడితే, ధ్రువీకరణ చెరిగిపోతుంది. గెస్టు దాన్ని తాకగానే ఒక ఎక్సెప్షన్ వస్తుంది. అది వెళ్లేది హోస్టుకు కాదు, గెస్టుకే.